ఉమ్మడి స్నేహితురాలు

పోయినవారం మనం టాటానగర్ దగ్గర పర్సుడీహ్‌లో సీతారాంగారి ముందుగదిలో ఆగాం. గణపతిరావుగారు అప్పుడే చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. సోఫాకి కొత్త కవర్లు వేసి ఉన్నాయి. పాత కవర్లు వాటి కిందే ఉన్నాయి. దాలమ్మగారు మిక్చరు పళ్ళెంలో జీడిపప్పు ఉన్న సగం గణపతిరావుగారి వైపు, లేని సగం తమ వైపు ఉండేలా తిప్పి పెట్టారు. ఆయన మొదటి జీడిపప్పు నోట్లో వేసుకున్నారు. అక్కడ ఆపేశాం.

ఆ పప్పు ఆయన నమిలేలోగా, ఈ వారమే మనతో చేరినవాళ్ళ కోసం ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పేస్తాను. సీతారాంగారు టాటానగర్ లోకోషెడ్డులో పనిచేసి రిటైరయ్యారు. భార్య దాలమ్మ. కొడుకు సత్యప్రసాద్, ప్లాంటులో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. అతని భార్య కల్యాణి. చిన్నకూతురు ప్రియ, గణపతిరావుగారి అబ్బాయి సాయిచంద్‌కి ఈమెనే అడుగుతున్నారు. పెద్దకూతురు ప్రసన్న కూడా ఉంది గానీ లేదు. రాంచీలో మోహిత్ అనే బీహారీ కుర్రాణ్ణి ఆమె పెళ్ళి చేసుకుందని తెలిసిన నాడు సీతారాంగారు ఇదే గదిలో నిలబడి, "దాంతో మాటాడినోళ్ళు దాంతోపాటే బైటికి" అని ప్రకటించారు. గోడమీద ఆమె ఫొటో తీసేసి ఆ మేకుకి క్యాలెండరు తగిలించారు. ఏటా క్యాలెండరు మారుతోంది. తీర్పు మారలేదు.

ఇక కల్యాణి. సోమవారం నుంచి టెల్కో కాలనీలో ఒక బడిలో మూడో తరగతి టీచరుగా చేరాలి. పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతూనే ఉంది. ఎట్టకేలకు పోయిన నెల మామగారు ఒప్పుకున్నారు. ఒప్పుకోవడమంటే, వద్దనడం మరిచిపోయారు. ఆయనకి మళ్ళీ గుర్తురాకుండా కల్యాణి అప్పట్నుంచి ఇంట్లో చాలా మెల్లగా నడుస్తోంది. కట్టుకోవలసిన చీర ఇస్త్రీ చేసి మంచం కింద పెట్టెలో దాచింది. ఈ ఆదివారం ఏ గొడవా లేకుండా గడిస్తే చాలు.

ఇక గణపతిరావుగారు పప్పు నమిలేశారు.

"సీతారాం బావగారూ, జాతకాలు మాకు అక్కర్లేదు" అన్నారాయన.

"సంతోషం" అన్నారు సీతారాంగారు.

"జాతకం పంతులు రాత్తాడు. పంతులికి ఏటి చెప్తే అది రాత్తాడు. మనిషి ఎలాటోడో తెలియాలంటే ఫ్రెండ్స్ లిస్టు చూడాల. అది ఎవులికి ఆళ్ళే రాసుకుంటారు."

టెల్కో కాలనీలో ఈయన పద్ధతి అందరికీ తెలుసు. పూర్వం సంబంధం చూసేవాళ్ళు పక్క క్వార్టరు వాళ్ళని విచారించేవారు. ఇప్పుడు పక్క క్వార్టర్లో ఎవరున్నారో మనకే తెలియదు. అందుకని గణపతిరావుగారు పిల్లని చూడకముందు పిల్ల స్నేహితుల్ని చూస్తారు. వాళ్ళ స్నేహితుల్ని కూడా చూస్తారు. జుగ్సలాయిలో బారు నడిపే మనిషి మూడో వరసలో తేలాడని ఒక మంచి సంబంధం వదిలేశారు. ఆ బారు మనిషి తనకెలా తెలుసో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

"మీ పెద్దమ్మాయి సంగతి మాకు తెల్సు" అన్నారు గణపతిరావుగారు. "మాటలు బంద్ అన్నారు."

"బంద్ అంటే బంద్" అన్నారు సీతారాంగారు. "గాలి కూడా తగలదు."

"ఇంట్లో అందరికీ?"

"నా ఇంట్లో నేను కాదన్నాక ఈగ కూడా అటు ఎగరదు."

దాలమ్మగారు తలూపారు. సత్యప్రసాద్ తలూపాడు. ప్రియ లోపలిగది గుమ్మంలోంచి తలూపింది. కల్యాణి టీ కప్పులు తెస్తూ ఉంది కాబట్టి ఆమె తల కుదురుగా ఉంది.

"అయితే చూసేద్దాం. పదినిమిషాల పని" అని గణపతిరావుగారు తన ఫోన్ తీశారు. "మేల్‌జోల్ అని ఒక యాప్ వచ్చింది. మనోళ్ళు ఏ సైటులో ఎవులితో ఫ్రెండో అంతా తెచ్చి ఒక్కచోట పోసేత్తాది. ఫేస్‌బుక్కు ఏటి, ఇన్‌స్టా ఏటి, అన్నీనూ. మా ఇంట్లో అందరివీ కలిపేను. బ్రహ్మాండంగా ఉంది."

ఇక్కడ ఈ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలి. ఈ ఇంట్లో నంబరు ఒకటే. ఎవరి ఫోన్లు వాళ్ళకున్నాయి, ఎవరి సిమ్ములు వాళ్ళకున్నాయి. కానీ ఎక్కడ ఏ నంబరు రాయమన్నా సీతారాంగారి నంబరే రాస్తారు. గ్యాసుకి అదే, కరెంటుకి అదే, ప్రియ కాలేజీకి అదే. తన సొంత నంబరు ఇస్తే ఎవరో ఫోన్ చేస్తారని ఒక్కొక్కరికీ భయం. సీతారాంగారికైతే ఎవరూ ఫోన్ చేయరు. దాంతో ఇంటిల్లిపాదికీ ఓటీపీలన్నీ ఆయన ఫోనుకే వస్తాయి. ఏ గదిలోంచి ఎవరు "నాన్నా, ఓటీపీ" అని అరిచినా ఆయన అంకెలు బిగ్గరగా చదువుతారు. దేనికని అడిగింది లేదు. స్టేషన్లో రైళ్ళ రాకపోకలు చెప్పే మనిషి, ఏ రైల్లో ఎవరెక్కారని అడుగుతాడా?

సత్యప్రసాద్ తండ్రి ఫోన్లో మేల్‌జోల్ ఎక్కించాడు. గణపతిరావుగారికి జేబులోంచి కళ్ళజోడు తీసే శ్రమ లేకుండా ఫోనుని టీవీకి కలిపాడు. అతను ఆ రోజు చేసిన పనుల్లో ఇదొక్కటీ అతను ఇప్పటికీ తలుచుకుంటాడు.

'ఈ నంబరు మీద ఉన్న ఖాతాలన్నీ కలపమంటారా?' అని టీవీ అడిగింది.

సీతారాంగారు జీవితంలో ఏ తెర ఏది అడిగినా అవునన్న మనిషి. అవునన్నారు. ఒక్కో ఖాతాకీ ఒక్కో ఓటీపీ వచ్చింది. ఆయన అలవాటు ప్రకారం అన్నీ బిగ్గరగా చదివారు, తనకి తనే.

మొదట మర్యాదైన ఖాతాలు వచ్చాయి. పూలదండ వేసిన రైలింజను పక్కన సీతారాంగారు, రిటైరైన రోజుది. కాశీలో దాలమ్మగారు. కళ్ళద్దాలతో సత్యప్రసాద్. సగం మొహంతో ప్రియ. సొంత పేరుతో, పెళ్ళి ఫొటోలో తనవైపు ముక్కతో కల్యాణి. ఒక్కొక్కరి స్నేహితులూ వరసగా జారారు. గణపతిరావుగారు ఒక్కొక్క పేరూ చదివి, "ఈయన మనోడే", "ఈడు తాగుతాడు గానీ పర్లేదు" అంటూ పాసు చేశారు. ప్రసన్న ఎక్కడా లేదు.

"చెప్పేను కదా" అన్నారు సీతారాంగారు.

'ఇంకా నాలుగు ఖాతాలు ఉన్నాయి' అంది టీవీ.

ఫేస్‌బుక్‌లో 'జై హనుమాన్ భక్త్'. బొమ్మ: పాత బొగ్గింజను.

వంటల సైటులో 'శ్రీలక్ష్మి'. బొమ్మ: చెవి విరిగిన ప్లాస్టిక్ బకెట్లో మల్లెమొక్క.

పాటల వీడియోల సైటులో 'రాయల్ రైడర్'. బొమ్మ: మోటారుసైకిల్ పెట్రోలు ట్యాంకు, దానిమీద చిన్న సొట్ట.

ఇన్‌స్టాలో 'పింకీ ఏంజెల్'. బొమ్మ: ఒక ఆడపిల్ల చెయ్యి, గోళ్ళకి నీలం రంగు.

నాలుగింటికీ కలిపి ఒక్కటే స్నేహం ఉంది. టీవీ తెరమీద రంగురంగుల బుడగలు ఎగిరాయి.

'మీ నాలుగు ఖాతాలకూ ఉమ్మడి స్నేహితురాలు: ప్రసన్న మోహిత్! మీరిద్దరూ చాలా దగ్గరివాళ్ళు. అభినందనలు!'

ప్రసన్న ఫొటో టీవీ నిండా వచ్చింది. కొంచెం లావెక్కింది. నవ్వుతోంది. ఇన్నేళ్ళ తర్వాత ఆ గదిలోకి ఆమె వచ్చిన కొలత ముప్ఫైరెండు అంగుళాలు.

గణపతిరావుగారు కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు.

"ఎవులివి ఇవి?" అన్నారు సీతారాంగారు.

ఈ ప్రశ్న ఆయన చాలా బాగా అడిగారు. కుర్చీలోంచి సగం లేచారు. నాలుగింటిలో ఒకటి ఎవరిదో ఆయనకి బాగా తెలుసు. మిగతా మూడూ ఎవరివో నిజంగానే తెలియదు. కాబట్టి ఆ కోపంలో ముప్పావు వంతు అసలుదే.

దాలమ్మగారికీ అంతే. ఒకటి తెలుసు, మూడు తెలియదు. సత్యప్రసాద్‌కీ, ప్రియకీ అంతే. నలుగురూ ఒకరికి తెలియకుండా ఒకరు, ఎవరికీ అనుమానం రాని సైటు చూసుకుని, పేరు మార్చుకుని, ఇన్నాళ్ళూ ప్రసన్నతో కబుర్లు చెబుతున్నారు. ఇంత గుట్టుగా ప్రేమించుకునే కుటుంబం పర్సుడీహ్ మొత్తంలో లేదు. ఇప్పుడు ప్రతి ఒక్కరూ మిగతా మూడు ఖాతాలనీ చూసి, 'ఇన్ని ఎవరు పెట్టి ఉంటారు?' అని ఆశ్చర్యపోయారు. తండ్రి కాదు, తీర్పు ఇచ్చిందే ఆయన. తల్లి కాదు, ఆవిడకి రాయడం రాదు. తమ్ముడు కాదు, అంత తెలివి లేదు. చెల్లి కాదు, దానికి పెళ్ళి కావాలి. ఆలోచించగా ఆలోచించగా ఇంట్లో ఒక్క మనిషే మిగిలింది. మూడు ఆమెవైతే, నాలుగోది కూడా ఆమెదే అయితే ఏం పోయింది?

నలుగురూ తలా పావు అబద్ధం ఆడారు. అంతకన్నా ఎవరూ ఆడలేదు.

"మన ఇంట్లో ఎప్పుడు సూసినా ఫోన్ పట్టుకుని కూకునేది ఎవులో అందరికీ తెల్సు" అన్నారు దాలమ్మగారు, టీవీని ఉద్దేశించి.

"భాభీ హీ హోగీ, ఔర్ కౌన్? వదినే అయ్యుంటాది" అంది ప్రియ గుమ్మంలోంచి. చేతులు చున్నీ కింద పెట్టుకుంది.

కల్యాణి ట్రే పట్టుకుని అలాగే నిలబడింది. ఆమె బొమ్మల్ని చూస్తోంది. విరిగిన బకెట్లో మల్లెమొక్కకి రోజూ నీళ్ళు పోసేది ఆమె. మోటారుసైకిల్ని ఆదివారం తుడిచేది ఆమె, ఆ సొట్ట దగ్గర గుడ్డ ప్రతిసారీ చిక్కుకుంటుంది. నీలంరంగు సీసా ఒలికితే గచ్చు మీద మరక గీకింది ఆమె. బొగ్గింజను బొమ్మ మామగారి మంచం పక్క గోడమీద ఉంది. దాని అద్దం వారం వారం తుడుస్తుంది. ఇల్లు ఊడ్చే మనిషికి ఆ నాలుగు బొమ్మలూ నాలుగు ఆధార్ కార్డుల్లా కనిపించాయి.

"మావయ్యా, అవి నావి కావు" అంది. "నా ఖాతా నా పేరుమీదే ఉంది కదా. ఇందాక చూసేరు కదా."

"సొంత పేరుతో ఒకటి పెట్టుకున్నారంటే దొంగపేర్లతో ఉన్నట్టే" అన్నారు గణపతిరావుగారు. "నా అనుభవం."

"ప్రసన్న వదినని నేను ఎప్పుడూ చూడనే లేదండి. నా పెళ్ళికి ముందే ఎల్లిపోయింది."

"అదేనమ్మా. చూడనోళ్ళతోనే కదా ఇప్పుడందరూ ఫ్రెండ్స్."

ఈయన ఏది చెప్పినా సరిగ్గానే ఉంటుంది. అదే చిక్కు.

కల్యాణి ట్రే కింద పెట్టింది. "అయితే ఒక పని చేద్దాం మావయ్యా. ఈ నాలుగింటికీ ఇక్కడ్నుంచే ఒక మెసేజ్ పెడదాం. ఎవులి ఫోన్ మోగితే ఆళ్ళది. ఒక్క నిమిషం పట్టదు."

గదిలో ఒక కదలిక వచ్చింది. సత్యప్రసాద్ చెయ్యి ప్యాంటు జేబులోకి వెళ్ళింది. చున్నీ కింద ప్రియ వేళ్ళు ఆడాయి. దాలమ్మగారు మెల్లగా ఒక పక్కకి ఒరిగి, తన ఫోన్ మీద కూర్చున్నారు. సీతారాంగారికి ఏ సదుపాయమూ లేదు. ఆయన ఫోన్ టీవీకి కట్టేసి ఉంది.

"బావుంది, పరీక్ష బావుంది" అన్నారు గణపతిరావుగారు ఉత్సాహంగా.

"ఏటి బావుంది?" సీతారాంగారు ఈసారి పూర్తిగా లేచారు. "నా ఇంట్లో, నా ముందర, కోడలు నాకు పరీక్ష పెడతాదా? నా భార్యకి పెడతాదా? సుప్! ఇంకో మాట మాటాడకు!"

"మీకు కాదు మావయ్యా, ఫోన్లకి..."

"ఫోన్లేటి, మనుషులేటి! ఇజ్జత్, పరువు అంటూ ఒకటుంది!"

ఇజ్జత్ అనే మాట వచ్చాక ఆ వీధిలో ఏ చర్చా ముందుకు సాగదు. గణపతిరావుగారు కూడా వెనక్కి వాలారు. ఆయన మరీ కఠినాత్ముడు కాదు. అబ్బాయికి వయసు మీద పడుతోంది, టీ బాగుంది.

"నాకు కావల్సింది ఒక్కటే బావగారూ. ఇల్లంతా సెడిందా, మనిషి ఒక్కరేనా? ఇల్లంతా అయితే నేను లేచి ఎల్లిపోతాను. ఒక్క మనిషే అయితే, అదీ బైటినుంచి వచ్చిన మనిషైతే, రిష్తాకి ఇబ్బంది లేదు. పెళ్ళయ్యేదాకా ఆ మనిషి ఇక్కడ ఉండకూడదు. సేతిలో ఫోన్ ఉండకూడదు. తప్పు సేసేనని నా ముందర ఒక మాట అనాల. అంతే."

"అంటాది" అన్నారు సీతారాంగారు. "రేపే సక్రధర్‌పూర్ పంపించేత్తాను, ఆళ్ళ అన్న ఇంటికి."

"రేపు సోమవారం మావయ్యా" అంది కల్యాణి.

"అయితే?"

"బడి."

సీతారాంగారికి గుర్తొచ్చింది. నెలరోజులుగా ఆమె మెల్లగా నడిచిందంతా వృథా అయింది.

"ఆ బడి కూడా వద్దు" అన్నారు.

కల్యాణి వంటింట్లోకి వెళ్ళింది. వెనకాలే సత్యప్రసాద్ మంచినీళ్ళ కోసం వచ్చాడు. ముందుగదిలో కుండ నిండా ఉన్నాయి.

"మోటారుసైకిల్ మీదేనా?" అంది కల్యాణి, కుళాయి విప్పుతూ.

"ఏ మోటారుసైకిల్?"

"మన గుమ్మంలో ఉన్నదే."

సత్యప్రసాద్ గ్లాసెడు నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు తాగాడు. "సూడు కల్యాణీ, ఒప్పేసుకో. నాలుగూ నీవే అనేయ్. పెళ్ళవగానే నేనే వచ్చి తీసుకొత్తాను."

"మీది ఒక్కటి మీరు ఒప్పుకుంటే?"

"ఇందాక ఎవులెవులు ఫోన్లు దాసేరో నేనూ సూసేను. నేను ఒప్పుకుంటే అమ్మ మీదకి వత్తాది. అమ్మ ఒప్పుకుంటే నాన్న... ప్రియ రిష్తా పోద్ది. నలుగురం పోతాం. నువ్వొక్కదానివైతే ఒక్కదానివే కదా. కాస్త ఆలోచించు."

"మరి బడి?"

"బడి ఎక్కడికి పోద్ది? మూడో తరగతికి పిల్లలు ఏటేటా వత్తానే ఉంటారు."

భార్యని ఓదార్చాననుకుని అతను మూతి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

కల్యాణి కుళాయి కట్టేసింది. మొహం కడుక్కుంది. జడ సరిచేసుకుంది. ముందుగదిలోకి వచ్చి గణపతిరావుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడింది, రేపు ఆమె ముందు నిలబడవలసిన పిల్లల్లాగ.

"అవునండి. నాలుగూ నావే. తప్పు చేశాను."

ఆ గదిలోకి గాలి వచ్చింది. దాలమ్మగారు "తల్లీ" అన్నారు. పెళ్ళైన తర్వాత ఆ మాట ఆవిడ కల్యాణిని అనడం ఇదే మొదలు. ప్రియ గుమ్మం దాటి ఇవతలికి వచ్చింది. సత్యప్రసాద్ భార్య వైపు గర్వంగా చూశాడు. సీతారాంగారు కూర్చుని, మిక్చరు పళ్ళేన్ని కోడలి వైపు ఒక అంగుళం జరిపారు. జీడిపప్పు లేని వైపు.

"మంచిదమ్మా. ఒప్పుకున్నావు, అయిపోయింది" అన్నారు గణపతిరావుగారు, లేవడానికి మోకాళ్ళ మీద చేతులు వేసి.

"ఇంకా అవలేదండి" అంది కల్యాణి. "నేను ప్రసన్న వదినకి ఏటేటి రాశానో మీకు తెలియాల కదా. మీ ఇంటికి పిల్లనిత్తన్నాం. మీ గురించి కూడా రాసుంటాను."

గణపతిరావుగారి చేతులు మోకాళ్ళ మీదే ఆగిపోయాయి. "మా గురించా?"

"గుర్తులేదండి. చాలా రాశాను."

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నారు సీతారాంగారు.

"ఒద్దమ్మా, ఒగ్గేయ్" అన్నారు దాలమ్మగారు.

"కల్యాణీ" అన్నాడు సత్యప్రసాద్.

"కుఛ్ జరూరత్ నహీ" అంది ప్రియ.

నలుగురూ ఒకేసారి వద్దనడం గణపతిరావుగారికి నచ్చలేదు. "అదేటండీ? ఆవిడ ఖాతాలు, ఆవిడే సూపిత్తానంటంది. మధ్యలో మీకేటి ఇబ్బంది?"



కల్యాణి మామగారి ఫోన్ తీసుకుంది. మేల్‌జోల్ స్నేహితుల్ని తెస్తుంది గానీ వాళ్ళు మాట్లాడుకున్న మాటలు తేదు. దానికి అసలు సైటులోకే వెళ్ళాలి. వంటల సైటు తెరిచి, 'శ్రీలక్ష్మి' పేరు కొట్టి, 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' అన్న చోట నొక్కింది.

"నీదే కదమ్మా, మరిచిపోయేవా?" అన్నారు గణపతిరావుగారు.

"నాలుగున్నాయి కదండీ. ఏది దేనికో గుర్తుండి చావదు."

ఫోన్ టింగుమంది. ఈ ఇంట్లో అన్ని తాళంచెవులూ వచ్చే ఫోన్ అదే. కల్యాణి అంకెలు బిగ్గరగా చదివి, కొట్టింది. టీవీ తెరమీద మల్లెమొక్క బకెట్ పెద్దదై, దాని కింద ఇన్నేళ్ళ కబుర్లు బారుగా తెరుచుకున్నాయి. దాలమ్మగారికి రాయడం రాదు. ఫోనుతో మాట్లాడితే అదే రాసిపెడుతుంది. అందుకని అక్షరాలన్నీ అచ్చం ఆవిడ గొంతులో ఉన్నాయి.

"ఇంత పొడుగు ఎక్కడని చదువుతాం? మీ పేరు కొట్టి వెతుకుతాను" అని, కల్యాణి వెతికేచోట 'గణపతిరావు' అని రాసింది.

ఒక్కటే దొరికింది. పాతది. ఆమె పెళ్ళైన ఏడాదిది.

కల్యాణి చదవడం మొదలుపెట్టింది. టీచరు ఉద్యోగానికి ఇంట్లో సాధన చేసిన గొంతు అది. మాట మాటా విడివిడిగా, చివరి బల్ల దాకా వినిపించేలా.

"'పెద్దదానా, ఆయేల గణపతిరావుగారింటోళ్ళు మనింటికి బోజనానికొచ్చేరు. పదిమంది. పొద్దున్నే సక్రధర్‌పూర్ నుంచి ఫోనొచ్చింది, కల్యాణోళ్ళ నాన్న పోయేడని...'"

ఆమె ఆగలేదు. గొంతు కూడా మారలేదు. ఒకసారి ఎత్తుకున్న పాఠం మధ్యలో ఆపకూడదని ఎవరో ఆమెకి బాగా నేర్పారు.

"'...ఏటి సేత్తాం సెప్పు. ఇంటినిండా మనుసులు. పులుసు అదే బాగా సేత్తాది. ఇప్పుడు సెప్పేమంటే ఏడుత్తా కూకుంటాది, వంటెవులు సేత్తారు? మీ నాన్నా, తమ్ముడూ, ప్రియా, అందరం ఆలోసించేం. ఆళ్ళు తినెల్లిపోయేక సెబుదాం అన్నారు మీ నాన్న. సాయంత్రం సెప్పేం. దానికేటీ తెలీదు. నువ్వెవులికీ సెప్పకు.'"

తండ్రి ఆఖరి చూపు కల్యాణికి దక్కలేదు. ఆమె వెళ్ళేసరికి శ్మశానం నుంచి అందరూ తిరిగి వచ్చేసి స్నానాలు చేస్తున్నారు. కబురు సాయంత్రమే అందిందని ఆమెకి చెప్పారు. చక్రధర్‌పూర్‌లో వాళ్ళు కబురు ఆలస్యంగా పంపారని ఆమె తన అన్నతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు.

మెసేజ్ కింద ప్రసన్న జవాబు ఉంది. కల్యాణి అదీ చదివింది.

"'సరేలే అమ్మా, ఏం చేస్తాం. పులుసులో బెల్లం వేస్తుందా, వెయ్యదా?'"

టీవీలో ఆ జవాబు పక్కన చిన్న బొమ్మలో ప్రసన్న నవ్వుతూనే ఉంది. దాలమ్మగారు కూర్చున్న చోటు నుంచి కదలలేదు. కదిలితే కింద ఫోన్ ఉంది. ప్రియ మళ్ళీ గుమ్మం అవతలికి వెళ్ళింది. సీతారాంగారు గోడమీద క్యాలెండరులో తిథి చూస్తున్నారు.

గణపతిరావుగారు మిక్చరు పళ్ళెం పక్కకి జరిపారు. "ఆయేల పులుసు..." అని మొదలుపెట్టి, బాగుందని చెప్పడం బాగుండదని ఆగిపోయారు. "ఇది నువ్వే రాసేవంటావా అమ్మా?" అన్నారు.

"నేనేనండి" అంది కల్యాణి. "ఒప్పుకున్నాను కదా."

"నాకేటో..."

"నావి ఇంకా మూడున్నాయి." ఆమె మేల్‌జోల్‌కి తిరిగి వచ్చింది, వేలు తెరమీద జరిగింది. బొగ్గింజను దాటింది. నీలం గోళ్ళు దాటింది. పెట్రోలు ట్యాంకు మీద ఆగింది.

"కల్యాణీ, అది వద్దు" అన్నాడు సత్యప్రసాద్.

ఆమె అక్కడ కూడా 'పాస్‌వర్డ్ మరిచిపోయాను' నొక్కింది.

సత్యప్రసాద్ ఒక్క అంగలో టీవీ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేశాడు. తెర నల్లబడింది. ప్రసన్న మళ్ళీ ఇంట్లోంచి వెళ్ళిపోయింది. ప్లగ్గు చేతిలో పట్టుకుని అతను భార్య వైపు తిరిగాడు. అతని మొహం చూసి దాలమ్మగారు మొదటిసారి భయపడ్డారు. 'రాయల్ రైడర్' అక్కకి ఏం రాశాడో ఆవిడకి కూడా తెలియదు మరి.

"ఇవ్వు ఫోను" అన్నాడు.

"కూకోవయ్యా" అన్నారు గణపతిరావుగారు. ఆయన గొంతులో అల్లుడి తండ్రి పోయాడు. ఇంకెవరో వచ్చారు. "ఆవిడవి. ఆవిడ సదువుకుంటాది."

కల్యాణి చేతిలో ఫోన్ టింగుమంది.

"అంకెలొచ్చేయి మావయ్యా" అంది, సీతారాంగారి వైపు తిరిగి. "మీరు చదువుతారా, నన్ను చదవమంటారా?"